నాలుగు చుట్లు

రాత్రి రెండు నలభై. నానక్‌రామ్‌గూడ.
తొమ్మిదో అంతస్తు అద్దాల అవతల
ఔటర్ మీద లారీలు,
ఒకదాని వెనక ఒకటి, తొందర లేకుండ.

ఫోన్ల మలక్‌పేట దిక్కు ఒక దవాఖాన.
స్కానింగ్ రూమ్ నుంచి ఫరీదా:
"సార్, సీటీ బొమ్మ సగం వచ్చి ఆగుతున్నది.
ఎముకలొస్తున్నయి, మెదడొస్తలేదు."
నవ్వాల్సిన మాట కాదు. అయినా ఇద్దరం నవ్వినం.
ఆమె వెనక ఎవరో దగ్గిన్రు.
నవ్వు ఆగింది.

నల్లటి తెర. మిణుకుమనే కర్సర్.
పన్నెండు డబ్బాలు ఒక్కటే బండి అనుకునే
ఎంఎంటీఎస్ లెక్క
పన్నెండు నోడ్లు కలిసి ఒక్కటే యంత్రమనుకునే క్లస్టర్.
క్యూఓఎస్. పాలసీ. గ్రూప్. షో.
నాలుగు మాటలు. ఎంటర్.

షో అంటే చూపెట్టు.
మార్చుమని కాదు, తీసెయ్యమని కాదు.
అడిగినోనికి ఉన్నదున్నట్టు చూపెట్టే మాట.
వరుసలు దిగినయి:
పేరు, యజమాని, దాని కింద ఎందరు,
ఎంత దాకా.

పేరోల్‌కు సున్నా నుంచి ఐదు వేలు.
గేటు కెమెరాలకు రెండు వేలు.
ఎవరో ఎన్నడో చేసి చూసి మరిచిపోయిన
టెస్ట్ వాల్యూమ్‌కు సున్నా నుంచి ఐ, ఎన్, ఎఫ్.
గడిల చోటు చాలక
మూడక్షరాలకు కుదించిన అనంతం.

మా బోరబండల నీళ్ళు రోజు విడిచి రోజు.
వాల్వ్ తిప్పే ఎల్లేశం
నడుమెత్తు ఇనుప చావి భుజానేసుకొని
తెల్లారకముందే వచ్చేటోడు.
మా గల్లీకి నాలుగు చుట్లు. పై బస్తీకి ఆరు.
మూలమీది ఫంక్షన్ హాలుకు ఎన్నో
ఎవ్వరికీ తెల్వదు.
పద్దెనిమిదో బిందె దగ్గర నిలబడి
మా మేనత్త సత్తెమ్మ ఓసారి అడిగింది:
"నాలుగే ఎందుకు? ఎవరు పెట్టిన్రు ఈ లెక్క?"
ఆయన బీడీ ఆర్పి, చెవి మీద పెట్టుకొని,
"నాకు చెప్పినోడు రిటైరయిండక్కా.
ఆయనకు చెప్పినోడు లేనే లేడు" అన్నడు.
ఇనుప చావి మల్ల భుజానికెత్తుకున్నడు.

స్పేస్ కొట్టిన. ఇంకిన్ని వరుసలు.
ముప్పై ఏడో వరుస:
దవాఖాన బొమ్మలు. సున్నా నుంచి ఐదు వందలు.

ఐదు వందలా?
సెకనుకు ఐదు వందల సార్లు తలుపు కొట్టొచ్చు.
ఐదు వందల ఒకటోది
వాకిట్ల నిలబడాలె, చెప్పులు విప్పి.

పాలసీ పేరు చదివిన.
టెంప్, అండర్‌స్కోర్, టునైట్, అండర్‌స్కోర్, ఆర్‌వీ.

రేకుల విఠల్.
నేనే.

రెండేండ్ల కింద, వానకాలం, ఇసొంటిదే ఒక రాత్రి.
జీతాల లెక్కకు ఊపిరాడకుంటే
పక్కోని గొంతు జరంత నొక్కిన.
ఈ ఒక్క రాత్రికే అనుకున్న, పేరులనే రాసుకున్న,
నా మీద నాకు అంత నమ్మకం మరి.
పొద్దున ఆరింటికి క్యాబ్ వచ్చింది.
అద్దం మీద వాన.
కొండాపూర్ దాటకముందే నిద్రపోయిన.

ఆ రాత్రి ఇంకా తెల్లారలే.

విప్పాల్నంటే మార్పు టికెట్ కావాలె.
ఒప్పుకునేటాయన పుణెల పండుకున్నడు.
మూడుసార్లు రింగయి కట్టయింది.
నాలుగోసారి చేస్తున్న.

"ఏమన్న దొరికిందా సార్?"
"దొరికింది" అన్న.
ఎవడని ఆమె అడగలే. నేను చెప్పలే.

పై బాణం నొక్కితే పాత కమాండే మల్లొచ్చింది.
ఎంటర్.
అదే వరుస. అదే పేరు.
షోకు మొహమాటం లేదు.

అటు నుంచి చాలాసేపు ఏమీ వినపడలే,
కుర్చీ జరిగిన చప్పుడు తప్ప.
తర్వాత మెల్లగ,
పొద్దటి నల్లా ముందు బిందె పెట్టినామె గొంతుతోని,
"ఇంకో గీత దిగింది సార్" అన్నది.